పైథాన్‌లో 8 కోర్లు వాడాలంటే థ్రెడ్లా, ప్రాసెస్‌లా?

రాత్రి_షిఫ్ట్: బిల్లుల లెక్క సరిచూసే ప్రోగ్రాం మాది, లెక్కంతా పైథాన్ కోడ్‌లోనే. 8 థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో ఒకే మెమరీని పంచుకుంటూ నడిచే పనులు) పెట్టినా ఒక్క కోర్ పనే జరుగుతోంది. ప్రాసెస్‌లకు (దేని మెమరీ దానికి ఉండి విడిగా నడిచేవి) మారదామంటే ర్యామ్ 16 జీబీ, ధరల డిక్షనరీయే 3 జీబీ. అన్నీ ఒకే లాగ్ ఫైల్‌లో రాస్తే ఇబ్బందా?

గోదారి_గట్టు: గిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) ఉన్నంతకాలం అంతేనండీ. థ్రెడ్లు నెట్‌వర్క్ కోసం ఎదురుచూసే పనులకే. నేను ప్రాసెస్‌లకు మారాక 40 నిమిషాల పని 7 నిమిషాలకు దిగింది! ర్యామ్ టెన్షన్ వద్దు, ఫోర్క్ చేస్తే (నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు పుట్టిస్తే) మెమరీ కాపీ అవదు.

కెర్నల్_కుర్రాడు: దయచేసి ఇలా చెప్పకండి. ఫోర్క్ అయ్యాక ఏ మెమరీ పేజీలో రాస్తే ఆ పేజీ కాపీ అవుతుంది. పైథాన్‌లో ఆబ్జెక్ట్‌ను చదివినా రిఫరెన్స్ కౌంట్ (దాన్ని ఎన్ని చోట్ల వాడుతున్నారో అందులోనే ఉండే లెక్క) మారుతుంది, అంటే రాసినట్టే. ఈ మాట నమ్మే మా సర్వర్ అర్ధరాత్రి మెమరీ చాలక పడిపోయింది.

గోదారి_గట్టు: నాకు పడలేదే. పైథాన్ 3.7 నుంచి జీసీ (గార్బేజ్ కలెక్టర్, వాడని మెమరీని ఏరేసేది) ఫ్రీజ్ ఉంది, తెలుసుకుని మాట్లాడండి.

కెర్నల్_కుర్రాడు: తెలుసు. అది అప్పటికున్న ఆబ్జెక్ట్‌లను గార్బేజ్ కలెక్టర్ ముట్టకుండా చేస్తుంది, కౌంట్‌ను ఆపదు. పైగా 3.14 నుంచి లైనక్స్‌లో డిఫాల్ట్ ఫోర్క్ కాదు, ఫోర్క్‌సర్వర్ (విడిగా ఉంచిన సర్వర్ ప్రాసెస్ నుంచి ఫోర్క్ చేసే పద్ధతి). థ్రెడ్లున్న ప్రాసెస్‌ను ఫోర్క్ చేస్తే ఫోర్క్ పిలిచిన థ్రెడ్ ఒక్కటే మిగులుతుంది. మిగతావి పట్టుకున్న లాకులు (ఒకే డేటాను ఒకేసారి ఇద్దరు ముట్టకుండా వేసే తాళాలు) ఆ నకలులో ఎప్పటికీ వదలవు.

సి_శాస్త్రి: 14 ఏళ్లుగా సి++ రాస్తున్నాను. లైనక్స్‌కు థ్రెడ్, ప్రాసెస్ రెండూ టాస్కులే, రెండిటినీ క్లోన్ అనే సిస్టమ్ కాల్‌తోనే పుట్టించవచ్చు. తేడా ఏమేం పంచుకుంటాయన్న దాంట్లోనే. లాకులు రాయడం వస్తే థ్రెడ్లే మేలు.

బెజవాడ_బ్యాకెండ్: వస్తుందనుకునే మేమూ రాశాం సార్. ఒక్క డేటా రేస్ (రెండు థ్రెడ్లు ఒకే డేటాను ఒకేసారి ముట్టుకుని పాడుచేసే బగ్) కోసం మూడు వారాలు నిద్రల్లేవు. ప్రాసెస్ అయితే పోయినా అదొక్కటే పోతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కనెక్షన్‌కో ప్రాసెస్ పెట్టింది అందుకే కదా?

సి_శాస్త్రి: పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క బ్యాకెండ్ (ఆ కనెక్షన్ ప్రాసెస్) క్రాష్ అయితే మిగతావన్నీ ఆపేసి రికవరీకి వెళ్తుంది. షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చు కాబట్టి. ప్రాసెస్ అనగానే గోడ కట్టినట్టు కాదు.

బెజవాడ_బ్యాకెండ్: ఒప్పుకుంటా. అయినా మైఎస్‌క్యూఎల్‌లో థ్రెడ్ క్రాష్ అయితే సర్వరే పోతుంది.

కొత్త_వెర్షన్: గిల్ లేని బిల్డ్ పైథాన్ 3.13లో ప్రయోగాత్మకంగా వచ్చింది, 3.14లో అధికారికమైంది. కానీ దానికి సిద్ధంకాని సి లైబ్రరీ ఒక్కటి ఇంపోర్ట్ చేసినా గిల్ మళ్లీ ఆన్ అవుతుంది. మొదట అది చూసుకోండి.

రాత్రి_షిఫ్ట్: మా లైబ్రరీ సిద్ధంగా లేదు, చూశాను. ధరలను నంపై (సంఖ్యల పట్టికల లైబ్రరీ) ఫైల్‌గా మార్చి ఎమ్‌మ్యాప్ చేశా, అంటే అన్ని ప్రాసెస్‌లూ ఒకే కాపీని పంచుకునేలా ఫైల్‌ను మెమరీకి జోడించా. 6 ప్రాసెస్‌లు నడుస్తున్నాయి, ర్యామ్ 5 జీబీ దాటలేదు. కెర్నల్ గారికి చాలా థాంక్స్. లాగ్ ఫైల్ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదండీ, లైన్లు కలిసిపోతున్నాయి.