ఏడో నెల, రెండో కాన్పు: మాత్రలు ఆపమంటున్నారు. ఎవరిని అడగాలి?

తెనాలి అమ్మ:

అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్లు. ఇప్పుడు 28వ వారం నడుస్తోంది. పెద్దపాపకు నాలుగేళ్లు నిండాయి. నా ప్రశ్న కాస్త పెద్దది, ఓపికగా చదవండి.

మొదటి కాన్పు ఆపరేషన్‌తో జరిగింది. తర్వాత పుట్టింటికి వెళ్లాను. అమ్మ వేళకు పథ్యం పెట్టేది, నలుగు పెట్టి స్నానం చేయించేది, సాంబ్రాణి వేసేది. ఏ లోటూ లేదు. మూడో రోజున ఊరికే ఏడుపు వచ్చింది. అది చాలామంది బాలింతలకు వస్తుందనీ, రెండు వారాల్లో దానంతటదే పోతుందనీ తర్వాత తెలిసింది. నాకు పోలేదు. మూడో వారానికి ఏడవటం కూడా చేతకాని స్థితికి వచ్చాను. పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు. రాత్రి రెండింటికి లేచి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా అని చూసేదాన్ని. పడుకునేదాన్ని, మళ్లీ లేచేదాన్ని. ఒక్కో రాత్రి ముప్పై, నలభై సార్లు. ఎవరి బిడ్డనో నాకు అప్పగించి వెళ్లారనీ, వాళ్లు తిరిగి వచ్చేలోపు ఏమైనా అయితే నేనే జవాబు చెప్పుకోవాలనీ అనిపించేది. బారసాల ఫోటో ఇప్పటికీ మా ముందు గదిలో ఉంది. అందరూ ఉయ్యాల వైపు చూస్తున్నారు. నేను కిటికీ వైపు చూస్తున్నాను.

ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో, మొత్తం ఐదుసార్లు ఇంటికి వచ్చింది. చాలా మంచి మనిషి. వచ్చినప్పుడల్లా పాపను తూకం వేసింది, బొడ్డు చూసింది, నా కుట్ల గురించి అడిగింది. నిద్ర పడుతోందా అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఇంట్లో దిష్టి తీశారు. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఐదో నెలలో ఒక రాత్రి, నేను లేకపోతేనే పాపకు మంచిదన్న ఆలోచన వచ్చింది. తెల్లారగానే మా ఆయనకు చెప్పాను. ఆయన ఆ రోజు పనికి వెళ్లకుండా నన్ను గుంటూరులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అన్నారు, సెర్ట్రాలిన్ రాశారు. మాత్రలు మొదలుపెట్టిన ఆరో వారంలో అనుకుంటాను, ఒక సాయంత్రం పాప తల ఆరబెడుతుంటే సాంబ్రాణి వాసన తగిలింది. పుట్టినప్పటి నుంచీ రోజూ వేస్తున్న సాంబ్రాణే. నాకు దాని వాసన తెలిసింది ఆ రోజే. పాప నెత్తి మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పటి సంగతికి వస్తాను. మధ్యలో ఒకసారి మాత్రలు ఆపితే జబ్బు తిరగబెట్టింది. అందుకని రోజుకు 50 మిల్లీగ్రాములు వేసుకుంటున్నాను. మా వైద్యుడితో మాట్లాడాకే రెండో బిడ్డను కనాలనుకున్నాం. పోయిన నెల కాన్పు డాక్టరమ్మ చీటీ చూసి, "ఇవెందుకమ్మా? బిడ్డకు మంచిది కాదు, ఆపేయండి" అన్నారు. మా అత్తయ్యదీ అదే మాట. ఆపేశాను. నాలుగో రోజుకు తల దిమ్ము, మెడ తిప్పితే లోపల కరెంటు తగిలినట్టు. ఐదో రాత్రి రెండింటికి లేచి పెద్దపాప ముక్కు దగ్గర వేలు పెట్టాను. పెట్టాక నాకే ఒళ్లు జలదరించింది. పొద్దున్నే గుంటూరు డాక్టరుగారికి ఫోను చేసి, ఆయన చెప్పినట్టు మళ్లీ మొదలుపెట్టాను.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే నేను ఎవరి మాట వినాలి? గర్భిణులకూ బాలింతలకూ మానసిక వైద్యం చేయడంలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు ఉంటారా? పుట్టబోయే బిడ్డకు పాలివ్వవచ్చా? ఈసారి కాన్పుకు ముందే ఏం సిద్ధం చేసుకోవాలి?

ఓరుగల్లు వైద్యురాలు:

అమ్మా, మీరు మళ్లీ మొదలుపెట్టి మంచి పని చేశారు. నేను మానసిక వైద్యురాలిని. మిమ్మల్ని చూడకుండా మోతాదు గురించి మాట్లాడను, అది మీ వైద్యుడి పని. కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. ఇలాంటి మాత్రలను ఏ కారణంతోనైనా ఉన్నట్టుండి ఆపకూడదు. మీకు వచ్చిన తల దిమ్ము, కరెంటు తగిలినట్టు ఉండటం అలా ఆపడం వల్లనే. "మందు బిడ్డకు చేరుతుంది" అనేవారు, తల్లి జబ్బు కూడా బిడ్డకు చేరుతుందని మరచిపోతారు. తల్లి నిద్ర లేక, తిండి సయించక ఉంటే కడుపులో బిడ్డ బరువు మీద, నెలలు నిండటం మీద ఆ ప్రభావం పడుతుంది.

గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ మేం ఎక్కువగా ఎంచుకునే మందుల్లో సెర్ట్రాలిన్ ఒకటి. పాలలోకి చాలా తక్కువగా వెళుతుంది. మామూలుగా అయితే పాలివ్వవచ్చు. పుట్టిన తర్వాత మొదటి కొద్ది రోజులు కొందరు పిల్లలు కాస్త ఉలికులికి పడతారు, చిరాకుగా ఉంటారు. చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. పిల్లల డాక్టరుకు ముందే చెప్పి ఉంచితే వాళ్లు గమనిస్తారు. అన్ని మందులూ ఒకటి కాదు. ఫిట్స్‌కూ, అతి ఉత్సాహం, అతి దిగులు మారిమారి వచ్చే బైపోలార్‌కూ ఇచ్చే వాల్‌ప్రోయేట్ బిడ్డకు నిజంగానే హాని చేస్తుంది. ఈ చర్చ చదువుతున్నవారిలో అది వాడుతూ పిల్లల కోసం చూస్తున్నవారుంటే, సొంతంగా ఆపకుండా వెంటనే మీ వైద్యుడితో మాట్లాడండి.

ఎవరి మాట వినాలని అడిగారు. మీరు ఇద్దరి మధ్యా నిలబడి మాటలు మోయవద్దు. ఒకరి నంబరు ఇంకొకరికి ఇచ్చి, మీ ముందే ఫోనులో మాట్లాడుకోమనండి. అడిగితే ఏ మంచి డాక్టరూ కాదనరు. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా కాన్పు తర్వాత మరోసారి చేయించుకోండి. ఆ రెండూ డిప్రెషన్‌లాగే కనిపించగలవు.

హిందూపురం అమ్మమ్మ:

తల్లీ, నేను డాక్టరును కాను. ప్రత్యేక వైద్యం ఉందా అని అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఉంది. మా అమ్మాయితో కలిసి నేను అందులోనే ఉండి వచ్చాను.

2019లో మా అమ్మాయికి బాబు పుట్టాడు. ఆరో రోజుకు మూడు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. అయినా అలసట లేదు, గబగబా మాట్లాడేది, బీరువాలు సర్దేది. ఏడో రోజు బాబును నా ఒళ్లో పడేసి, "వీడు నా కొడుకు కాదమ్మా, ఆసుపత్రిలో మార్చేశారు, వీడి చెవులు చూడు" అంది. చెవులు అచ్చం మా అల్లుడివే. దయ్యమో, గాలో అనుకుని రెండు రోజులు మంత్రాల చుట్టూ తిరిగాం. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. మా ఊళ్లో ఒక పెద్ద డాక్టరు చూసి, "ఇది కాన్పు తర్వాత వచ్చే సైకోసిస్, అంటే మతి భ్రమించే జబ్బు. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది. ఈ రోజే బయలుదేరండి, దారిలో బిడ్డను ఆమెకు ఒంటరిగా ఇవ్వకండి" అన్నారు. బెంగళూరులో మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌కు వెళ్లాం.

అక్కడ తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు ఉంది. 2009లో పెట్టారట, మన దేశంలో అదే మొదటిదని చెప్పారు. పిచ్చాసుపత్రి అంటే బిడ్డను లాక్కుంటారని నేను భయపడ్డాను. బిడ్డా తల్లీ ఒకచోటే, తోడుగా నేను. మూడేళ్ల లోపు బిడ్డను తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే ఉందని అక్కడే తెలిసింది. మందులు ఇవ్వడం ఒక ఎత్తు. నర్సులు పక్కన కూర్చుని, బాబు మొహంలోకి చూస్తూ మాట్లాడటం, ఒళ్లు రుద్దడం దగ్గరుండి నేర్పారు. మొదట్లో మా అమ్మాయి బాబును కట్టెపుల్లలా పట్టుకునేది. తొమ్మిదో రోజు పొద్దున నేను నిద్ర లేచేసరికి పొత్తిగుడ్డలన్నీ మడతపెట్టి ఉన్నాయి. ఎవరూ చెప్పకుండా తనే మడతపెట్టింది. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

మీది అంత తీవ్రమైనది కాదు, అంత దూరం వెళ్లాల్సిన పని పడకపోవచ్చు. కానీ నిద్ర లేకపోయినా అలసట లేకుండా ఉండటం, బిడ్డ గురించి వింత మాటలు, ఎవరికీ వినిపించని మాటలు వినిపించడం, ఇవి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదని ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచండి. దగ్గర్లో ఏ పెద్ద ఆసుపత్రి ఉంటే దానికి, అవసరమైతే 108లో.

గోదావరి గట్టు:

నేను ముగ్గుర్ని కన్నాను, ఇద్దరు కోడళ్లకు పురుళ్లు పోశాను. మా రోజుల్లో ఇన్ని జబ్బుల పేర్లు లేవు. పదిమంది మధ్యలో ఉంటే మనసు అదే కుదుటపడుతుంది. మందుల జోలికి పోకుండా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

తెనాలి అమ్మ:

పెద్దమ్మగారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు. మా ఇంట్లో అప్పుడు పదకొండు మంది ఉన్నారు. అందరూ నన్ను ప్రేమగానే చూశారు. వాళ్ల మధ్య కూర్చునే నేను ఆ ఐదు నెలలూ గడిపాను. మనుషులు ఉండటం అవసరమే, నా విషయంలో అది సరిపోలేదు. మీ రోజుల్లో పేరు లేదన్నారు. మా అమ్మమ్మ చెల్లెలు కాన్పు అయిన నెలకు "మతి చెడి" బావిలో పడిపోయిందని మా ఇంట్లో గొంతు తగ్గించి చెప్పుకుంటారు. ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకు ఏమైందో నాకు అర్థమవుతోంది.

లెస్టర్ నుంచి:

అక్కా, మాది ఏలూరు, ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. నాకూ రెండో కాన్పు ముందు ఇదే భయం. ఇక్కడ మొదటిసారి వెళ్లినప్పుడే, గర్భిణులను చూసుకుని కాన్పు చేసే మిడ్‌వైఫ్ బీపీ చూసినంత మామూలుగా రెండు ప్రశ్నలు అడిగింది. ఈ నెల రోజుల్లో దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా? పాత సంగతి చెప్పగానే గర్భిణుల, బాలింతల మానసిక వైద్య బృందానికి పంపింది. ఇక్కడ ప్రతి ప్రాంతంలోనూ అలాంటి బృందం ఉంటుంది. వైద్యురాలు, నర్సు, సైకాలజిస్టు అందరూ ఒకచోటే. నర్సు మా ఇంటికి వచ్చేది. నెలకు ఒకసారో రెండుసార్లో ఎడిన్‌బరో ప్రశ్నల కాగితం ఇచ్చేది, డిప్రెషన్ గుర్తులు ఉన్నాయా అని చూడటానికి. అది 1987లో స్కాట్లండ్‌లో తయారైనది. పది ప్రశ్నలు, గడిచిన ఏడు రోజుల గురించి. మొదటిది నవ్వగలుగుతున్నారా అని. పదోది, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని. అలా ఎదురుగా, మర్యాదగా అడిగితే నిజం చెప్పడం ఎంత తేలికో నాకు అప్పుడే తెలిసింది.

మీకు నేను చెప్పదలచినది 32వ వారంలో మేం రాసుకున్న కాగితం గురించి. మిడ్‌వైఫ్, నర్సు, నేను, మా ఆయన కూర్చుని రాశాం. దానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు, తెనాలిలోనూ రాసుకోవచ్చు. నా జబ్బు ఎలా మొదలవుతుందో నా మాటల్లో మొదటి వరసలో రాశాం. మీదైతే "రాత్రి లేచి పాప ఊపిరి చూడటం" అని రాయండి. డిప్రెషన్ అన్న మాట కంటే అది మీ ఇంట్లో వాళ్లకు త్వరగా అర్థమవుతుంది. ఆ గుర్తు వరసగా ఎన్ని రోజులు కనిపిస్తే ఎవరు ఎవరికి ఫోను చేయాలో కింద రాశాం. మందు పేరు, మోతాదు, కాన్పు రోజున కూడా ఆపకూడదని, పిల్లల డాక్టరుకు ఎవరు చెప్పాలో రాశాం. అన్నిటికంటే పనికొచ్చినది నిద్ర. రాత్రి వరసగా నాలుగైదు గంటలు నన్ను లేపకూడదని రాశాం. ఆ వేళ పిండి ఉంచిన పాలు మా ఆయన పట్టేవారు. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఇది చూసి బాధపడింది, తల్లి పక్కన బిడ్డ లేకపోవడం ఏమిటని. వారం తర్వాత ఆ నాలుగు గంటలూ తనే తీసుకుంది.

ఆ కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ నంబరు 14416 కూడా రాయండి. 2022 నుంచి ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి అమ్మ:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. డాక్టరమ్మ గదిలోనే స్పీకరు పెట్టి గుంటూరు డాక్టరుగారికి ఫోను చేయించాను. నా గుండె దడదడలాడింది. ఆరు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆవిడ ఫోను పెట్టేసి, నా చీటీలో తన చేత్తోనే "సెర్ట్రాలిన్ కొనసాగించాలి" అని రాశారు. ఆపమన్నందుకు నొచ్చుకున్నారు కూడా. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది.

కాగితం రాయడానికి ఆదివారం అందరం కూర్చున్నాం. మొదటి వరస, లెస్టర్ చెల్లి చెప్పినట్టే, ఊపిరి చూడటం గురించి రాశాను. అత్తయ్య అది చదివించుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అప్పుడు నువ్వు రాత్రుళ్లు లేస్తుంటే పాప మీద ప్రేమ అనుకున్నానే" అన్నారు. తర్వాత రాత్రి పదకొండు నుంచి మూడు వరకు తన పేరు రాయమన్నారు. మూడు నుంచి మా ఆయన. కాగితం వంటగదిలో క్యాలెండరు పక్కన అంటించాం. అత్తయ్య ఇప్పటి నుంచే పదకొండు దాకా మేలుకోవడం అలవాటు చేసుకుంటున్నారు.