కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు

సర్ ఆర్థర్ కాటన్ పూర్వులు పత్తి వ్యాపారులా అని బృందంలో ఒకరు అడిగారు. అంగట్లో కాటన్ చీర, కాటన్ చొక్కా వింటూ పెరిగిన మనకు ఆ అనుమానం సహజమే. కానీ ఆ ఇంటిపేరుకూ పత్తికీ చుట్టరికం లేదు. పత్తి అనే అర్థమున్న మాట అరబ్బీ 'కుత్న్' నుంచి ఇటాలియన్, ఫ్రెంచి భాషల మీదుగా ఇంగ్లండు చేరింది. స్పానిష్ వాళ్లు అరబ్బీ ఉపపదం 'అల్'తో సహా తీసుకుని 'అల్గొదోన్' అన్నారు.

ఇంటిపేరు మాత్రం అచ్చమైన ప్రాచీన ఆంగ్లం. ఆ భాషలో 'కొట్' అంటే గుడిసె. కాటేజ్ అనే మాటలో ఉన్నదీ అదే. దాని బహువచనానికి చతుర్థీ విభక్తి చేరితే 'కొటుమ్'. 'ఎట్' (దగ్గర) అనే మాట తర్వాత ఆ భాషలో ఈ విభక్తే వస్తుంది కాబట్టి 'ఎట్ కొటుమ్' అంటే 'గుడిసెల దగ్గర'. నాలుగు గుడిసెలున్న చోటును జనం అలాగే పిలిచేవారు. రానురాను ముందున్న 'ఎట్' రాలిపోయింది, చివరి 'ఉమ్' అరిగి 'అన్' అయింది. కేంబ్రిడ్జ్ పక్కనే ఉన్న కోటన్ ఊరి పేరు ఇలా వచ్చిందే. నాటింగమ్‌షైర్‌లోని కాటమ్‌లో పాత 'మ్' ఇంకా వినిపిస్తుంది. యార్క్ దగ్గరి ఏకమ్ కూడా ఇదే పద్ధతిలో ఏర్పడింది: 'ఓక్ చెట్ల దగ్గర'. అలాంటి ఊళ్లనుంచి వచ్చినవారికి ఆ ఊరి పేరే ఇంటిపేరైంది.

నన్ను ఎంతగానో ఆకట్టుకున్నది ఇందులోని వ్యాకరణం. ఆంగ్లంలో నామవాచకాల చతుర్థీ విభక్తి అంతరించి వందల ఏళ్లయింది. మామూలు మాటల్లో దాని జాడ దాదాపు లేదు. ఊరి పేర్లలో, వాటినుంచి పుట్టిన ఇంటిపేర్లలో మాత్రం మిగిలింది. మన ఇంటిపేర్లు చూడండి. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరు తంగుటూరు, ఇంటిపేరు తంగుటూరి. గరికపాడు గరికపాటి అవుతుంది. 'ఇ, టి, తి' ఔపవిభక్తికాలని బడిలో వల్లెవేశాం కదా, అవే ఇవి. ఊరి పేరు ప్రథమలో ఉంటుంది, ఇంటిపేరు మాత్రం విభక్తి కోసం మారిన రూపంలో నిలిచిపోతుంది. తెలుగులో ఆ మార్పు నేటికీ సజీవం కాబట్టి మనకు వింతగా తోచదు. ఆంగ్లేయుడికి కాటన్‌లో విభక్తి ఉందని చెబితే తప్ప తెలియదు.

ఇంకో ముచ్చట. గోదావరి తీరాన స్నాన సమయంలో దొరను తలచుకునే సంస్కృత శ్లోకం చాలామందికి తెలిసే ఉంటుంది. అందులో 'కాటనుం తం భగీరథం' అని వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టినవారి పేరును ఉకారాంతం చేసి ద్వితీయా విభక్తి తగిలించారు. ఎప్పుడో చతుర్థి కలిసిపోయిన పేరుకు గోదావరి ఒడ్డున ద్వితీయ వచ్చి చేరింది! ఆ శ్లోకం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వ్యాఖ్య: కొట్ అంటే మన కొట్టం కాదా అండీ? అర్థం కూడా కలుస్తోంది.

జవాబు: వినసొంపుగా ఉంది గానీ, ఒప్పుకోలేనండీ. మన కొట్టానికి బంధువులు తమిళ కొట్టగై, కన్నడ కొట్టిగె. అటు కొట్‌కు బంధువు డచ్చి 'కొట్'. రెండు కుటుంబాలకూ తమ ఇంట్లోనే చుట్టాలున్నప్పుడు, ఒక్క ధ్వనిసామ్యాన్ని పట్టుకుని వియ్యం కలపలేం.

వ్యాఖ్య: కాటన్ గ్రంథాలయం అని విన్నాను. వారూ దొర వంశమేనా?

జవాబు: ఇంటిపేరు ఒకటైతే వంశం ఒకటని చెప్పలేమండీ. మనలో ఒకే ఇంటిపేరున్నవారికి వేర్వేరు గోత్రాలు ఉండటం లేదా? 'గుడిసెల దగ్గర' అనే ఊళ్లు ఇంగ్లండులో చాలా ఉన్నాయి, ఎవరి ఊరు వారిది. దొరగారిది చెషైర్‌లోని కూంబర్మియర్ కాటన్ల కుటుంబం. 1133లో స్థాపించిన అక్కడి క్రైస్తవ మఠాన్ని ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ రద్దు చేయించాక, 1539లో ఆ ఆస్తి జార్జ్ కాటన్‌కు దక్కింది. గ్రంథాలయం స్థాపించిన రాబర్ట్ కాటన్ (1571–1631) కేంబ్రిడ్జ్‌కు ఉత్తరాన హంటింగ్‌డన్‌షైర్‌లోని కానింగ్టన్ వారు.

ఆ రాబర్ట్ గురించి రెండు మాటలు చెప్పి తీరాలి. ఆయన బీరువాల మీద రోమన్ చక్రవర్తుల శిరోవిగ్రహాలు ఉండేవి. 'విటెలియస్ ఏ 15' అంటే విటెలియస్ బీరువా, పై అర, పదిహేనో పుస్తకం. ప్రాచీన ఆంగ్ల కావ్యం బేవుల్ఫ్‌కు మిగిలిన ఏకైక రాతప్రతి అదే. 1731లో ఆ గ్రంథాలయం తగలబడినప్పుడు దాని అంచులు మాడిపోయినా ప్రతి బతికింది. బ్రిటిష్ లైబ్రరీ నేటికీ దాన్ని ఆ బీరువా పేరుతోనే గుర్తిస్తుంది. 'కొటుమ్' అనే రూపం ఏ భాషదో, ఆ భాష కావ్యాన్ని కాపాడింది ఒక కాటన్!

వ్యాఖ్య: మన ఇంటిపేర్లలో బహువచన రూపాలున్నాయా?

జవాబు: ఉన్నాయండీ, ఊరి పేరు మధ్యలో దాగినవి: ముళ్ళపూడి, రాళ్ళపల్లి. 'ముళ్లు', 'రాళ్లు' ఇక్కడ 'ముళ్ళ', 'రాళ్ళ' అయ్యాయి. మీ ప్రాంతంలో ఇలాంటివి ఉంటే, ఏ ఊరినుంచి వచ్చాయో కూడా రాయండి.