అప్‌డేట్: పాదం పైభాగం ‘డార్సమ్’ ఎందుకైంది? జవాబు దొరికింది

లాటిన్‌లో డార్సమ్ అంటే వీపు కదా, మరి పాదం పైభాగానికి ఆ పేరేమిటని ఇక్కడ అడిగాను. జవాబిచ్చినవారందరికీ కృతజ్ఞతలు.

పిండం దశను చూడమన్న సలహాయే చిక్కు విప్పింది. మా అనాటమీ ప్రొఫెసరుగారూ అదే చెప్పారు. కాళ్లూ చేతులూ మొలకల్లా పుట్టాక, చెయ్యి బయటివైపుకు, కాలు లోపలివైపుకు దాదాపు 90 డిగ్రీలు తిరుగుతాయి. అలా మొదట వీపువైపున్న భాగం కాలిలో ముందుకు, పాదంలో పైకి వచ్చేసింది. మోచెయ్యి వెనక్కి, మోకాలు ముందుకు చూసేది, కాలి బొటనవేలు లోపలి అంచుకు చేరేది కూడా ఇందుకే. కూర్చుని చేత్తో తిప్పి చూసుకుంటే ఇట్టే తెలుస్తుంది.

నాలుగు కాళ్ల జంతువులకు వీపు పైనే ఉంటుంది కాబట్టి పైవైపంతా డార్సల్ (అంటే వీపువైపుది) అని కొందరు జవాబిచ్చారు; ఆ వాదన పాదానికి అక్కర్లేదు. అది మెదడు దగ్గర పనికొస్తుంది: అక్కడ నడినెత్తి వైపే డార్సల్. సొరచేప వీపు మీది రెక్కను డార్సల్ ఫిన్ అంటారన్న ఉదాహరణ ముచ్చటగా ఉంది కానీ, నా ప్రశ్నకు జవాబు కాలేదు.

అరికాలి వైపును మాత్రం ‘ప్లాంటార్’ అనాలి.