రోజూ యాభై కిలోమీటర్లు తిరగడానికి మ్యాక్సీ స్కూటరు: ఏరాక్స్, జూమ్ 160, బర్గ్‌మన్‌లలో ఏది తీసుకోవాలి?

ప్రశ్న – ఉప్పల్ సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇల్లు ఉప్పల్‌లో, కార్యాలయం మాదాపూర్‌లో. రానూపోనూ రోజుకు యాభై కిలోమీటర్లకు పైగానే అవుతుంది. ఉదయం తార్నాక వరకు నా భార్య వెనుక కూర్చుని వస్తుంది, ఎక్కువ రోజులు చీరలోనే. నాగోలు–రాయదుర్గం మెట్రో అందుబాటులో ఉన్నా, నేను పని ముగించుకుని బయటపడేసరికి చాలాసార్లు అర్ధరాత్రి దాటుతుంది కాబట్టి దాని మీద ఆధారపడలేకపోతున్నాను. నెలకో రెండు నెలలకో భువనగిరి దగ్గరున్న మా ఊరికి వెళ్లి బియ్యం, కూరగాయలు తెచ్చుకుంటాం. ఇప్పుడున్న 110 సీసీ స్కూటరు పాతబడింది, గుంతల్లో నడుము పట్టేస్తోంది. మ్యాక్సీ స్కూటర్లలో, అంటే మామూలు వాటికన్నా పెద్దగా వెడల్పుగా ఉండే స్కూటర్లలో, యమహా ఏరాక్స్ 155, హీరో జూమ్ 160, సుజుకీ బర్గ్‌మన్ స్ట్రీట్ చూశాను. ఎవరో వాడిన బీఎండబ్ల్యూ సీ 400 జీటీ అనే భారీ స్కూటరు బాగా తక్కువ ధరకు వస్తుందని మిత్రుడొకరు ఆశ పెడుతున్నారు. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం – కూకట్‌పల్లి సభ్యుడు

నేను ఏరాక్స్ నడుపుతున్నాను కనుక దాని గురించే చెబుతాను. 155 సీసీ ఇంజిన్, ద్రవంతో చల్లబడేది, ఆర్15 మోటారుసైకిల్ ఇంజిన్ కుటుంబానికి చెందినది. 15 పీఎస్ (అశ్వశక్తి లాంటి కొలత) శక్తికి బరువు 126 కిలోలే కావడంతో పంజాగుట్ట ఫ్లైఓవరు ఎక్కేటప్పుడైనా, సిగ్నల్ పడగానే బస్సుల ముందు నుంచి తప్పుకోవలసి వచ్చినప్పుడైనా ఎన్నడూ నీరసించదు. రెండు చక్రాలూ 14 అంగుళాలవి, వెనుక టైరు 140 మిల్లీమీటర్ల వెడల్పు. మీ ఇప్పటి స్కూటరు నుంచి దీని మీదికి మారితే రోడ్డు మీద నిలకడలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఇక లోపాలు. పెట్రోలు ట్యాంకు 5.5 లీటర్లే. నగరంలో నాకు లీటరుకు నలభైకి అటూ ఇటూగా వస్తోంది. మీరు తిరిగే దూరానికి ప్రతి నాలుగో రోజూ బంకు దగ్గర ఆగవలసిందే. వెనుక షాకబ్జార్లు గట్టివి, ఒంటరిగా వెళ్తున్నప్పుడు స్పీడ్ బ్రేకర్లు బాగానే తగులుతాయి. కాళ్ల మధ్య ఎత్తయిన గట్టు ఉంటుంది కనుక ఫుట్‌బోర్డు మీద సంచి పెట్టడమన్న మాటే ఉండదు. ఇవన్నీ తెలిసే కొన్నాను, నాకు ఇబ్బంది లేదు. కానీ నేను బియ్యం బస్తాలు మోయను, నా వెనుక ఎవరూ కూర్చోరు.

సమాధానం – విజయవాడ సభ్యురాలు

పై సభ్యులు చివర చెప్పిన మాటే మీ విషయంలో అన్నిటికన్నా ముందు ఆలోచించవలసినదని నా అభిప్రాయం. సెలవు రోజుల్లో మీ భార్య కూడా ఈ స్కూటరు నడుపుతారా లేదా అన్నది మీరు రాయలేదు. నడిపేట్లయితే ఏరాక్స్‌నూ జూమ్‌నూ పక్కన పెట్టేయవచ్చు. మధ్యలో గట్టు ఉన్న స్కూటరును చీరతో నడపడం సాధ్యం కాదు, ఎక్కడమే కష్టం.

ఆమె వెనుక కూర్చోవడమే అనుకున్నా, ఒక పక్కకు తిరిగి కూర్చునేవారికి వెనుక సీటు ఎత్తు, పాదం ఆనించే చోటు, చేతికి దొరికే పట్టు అనే మూడూ ముఖ్యం. ఏరాక్స్ వెనుక సీటు మెట్టులా పైకి లేచి ఉంటుంది. బర్గ్‌మన్ సీటు వెడల్పుగా, పొడవుగా, మెట్టు పెద్దగా తెలియకుండా ఉంటుంది. చేతిపట్టూ, పాదాలకు ఆధారమూ, బట్టలు చక్రంలో పడకుండా వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణా ఉండాలని కేంద్ర మోటారు వాహన నియమాల్లోనే ఉంది. కొందరు డీలర్లు దాన్ని అలంకారాల జాబితాలో కలిపి మాట్లాడుతుంటారు కాబట్టి బండి తీసుకునే రోజే అమర్చి ఉందో లేదో చూసుకోండి.

నేను నడిపేది బర్గ్‌మన్. బెంజ్ సర్కిల్ రద్దీలో దాని వెడల్పు ముఖాన్ని చూసి భయపడ్డాను కానీ, బరువు 110 కిలోలే కనుక కొన్ని రోజుల్లోనే చేతికి లొంగింది. ఫుట్‌బోర్డు సమతలంగా ఉండడంతో మార్కెట్ సంచులన్నీ అక్కడే సర్దుతాను. నిజం చెప్పాలంటే ఇది పెద్ద స్కూటరు వేషం వేసుకున్న 125 సీసీ బండి. శక్తి 8.7 పీఎస్ మాత్రమే. ఇద్దరు ఎక్కి జాతీయ రహదారి మీద లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి.

సమాధానం – వరంగల్ సభ్యుడు (స్కూటర్ల మరమ్మతు వృత్తి)

మీ నడుము నొప్పి దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే చాలామంది దీనికి సీటు మెత్తదనాన్నో బండి పరిమాణాన్నో కారణంగా భావిస్తారు. మోటారుసైకిల్‌లో ఇంజిన్ చట్రానికి బిగించి ఉంటుంది, గుంతలో పడినప్పుడు వెనుక చక్రమూ, దాన్ని పట్టి ఉంచే కడ్డీలూ మాత్రమే కదులుతాయి. స్కూటరులో ఇంజిను, చక్రాన్ని తిప్పే బెల్టు ఉండే పెట్టె, వెనుక చక్రం అన్నీ ఒకే ముద్దగా పైకీ కిందికీ ఊగుతాయి. అంత బరువు ఒక్కసారిగా పైకి లేస్తే స్ప్రింగు ఎంత మంచిదైనా దెబ్బ కొంత నడుముకు చేరక తప్పదు. స్కూటరు పెద్దదైనంత మాత్రాన ఈ గుణం పోదు, ఇంజిన్ బరువు పెరిగితే ఇంకా ఎక్కువ కావచ్చు కూడా. దీనికి నిజమైన ఉపశమనం చక్రం వ్యాసంలోనే ఉంది, పెద్ద చక్రం గుంతలోకి అంత లోతుగా దిగదు. ఆ లెక్కన ఏరాక్స్, జూమ్‌ల 14 అంగుళాల చక్రాలు మేలు. మామూలు బర్గ్‌మన్‌కు ముందు 12, వెనుక 10 అంగుళాలు. వెనుక కూర్చున్నవారికి తగిలే దెబ్బ ఆ పదంగుళాల చక్రం నుంచే వస్తుంది. బర్గ్‌మన్ తీసుకోదలిస్తే 2022 డిసెంబరులో వచ్చిన ఈఎక్స్ రకమే చూడండి, దాని వెనుక చక్రం కూడా 12 అంగుళాలు.

రెండవది క్లచ్. ఈ బండ్లన్నిటికీ గేర్లకు బదులు బెల్టూ, వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకునే క్లచ్చూ ఉంటాయి. అమీర్‌పేట దగ్గర బండ్లు అంగుళం అంగుళం కదిలే వేళ, చాలామంది యాక్సిలరేటరు కొద్దిగా తిప్పి ఉంచి బ్రేకుతో ఆపుకుంటూ వెళ్తారు. అప్పుడు క్లచ్ సగం పట్టీ సగం పట్టకా జారుతూ కాలిపోతుంది. కొన్నాళ్లకు బండి కదిలేటప్పుడు వణుకు మొదలవుతుంది. ద్రవంతో చల్లబడే ఇంజిన్ కదా, నాకేం భయమని ఏరాక్స్ వాళ్లు అంటుంటారు. ఆ ద్రవం (కూలెంట్) చల్లబరిచేది ఇంజిన్‌ను, క్లచ్‌కు దిక్కు బెల్టు పెట్టెలో తిరిగే గాలి ఒక్కటే. కాబట్టి ముందున్న బండికీ మీకూ కొంత ఎడం వచ్చేదాకా ఆగి, ఒక్కసారిగా కదలడం అలవాటు చేసుకోండి. వానాకాలంలో నిలిచిన నీటిలోకి దిగితే ఆ గాలి మార్గం గుండానే నీరు చేరి బెల్టు జారుతుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. అలాంటప్పుడు అదేపనిగా రేజ్ చేయకుండా ఆరనివ్వాలి.

ఏరాక్స్ రేడియేటరు ఇంజిన్ కుడి పక్కనే కింద ఉంటుంది, బురద సులభంగా చేరుతుంది. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అది శుభ్రం చేశారా, కూలెంట్ మట్టం చూశారా అని అడగండి. జూమ్ 160 ఇంజిన్ కూడా ఆ తరహాదే. 156 సీసీ, ఏరాక్స్‌తో దాదాపు సమానమైన శక్తి, ట్యాంకు 7 లీటర్లు. అయితే బరువు 140 కిలోలు దాటింది. నడుస్తున్నంతసేపూ ఆ బరువు నిలకడగానే అనిపిస్తుంది కానీ, అపార్ట్‌మెంటు సెల్లారు వాలు మీద వెనక్కి తోసుకునేటప్పుడు తెలిసివస్తుంది. 2025 జనవరిలో విడుదల చేసిన బండి కనుక, పాతబడ్డాక ఎలా ఉంటుందో మా షెడ్డు అనుభవంతో చెప్పే దశ ఇంకా రాలేదు.

బ్రేకుల మాట ఎవరూ ఎత్తలేదు. 2019 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం 125 సీసీ వరకు ఉన్న బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పట్టే సీబీఎస్ ఉంటే చాలు, అంతకు మించితే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. అందుకే ఏరాక్స్‌కూ జూమ్‌కూ ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది, బర్గ్‌మన్‌కు లేదు. అర్ధరాత్రి వానలో, రోడ్డు మీద వేసిన తెల్లని గీతల మీద ఒక్కసారి గట్టిగా బ్రేకు వేస్తే ఆ తేడా విలువ తెలుస్తుంది. మీ వేళలు చూశాక, బర్గ్‌మన్ కన్నా ఏరాక్స్‌ వైపు నేను మొగ్గడానికి పెద్ద కారణం ఇదే.

సమాధానం – కాలిఫోర్నియా, ఫ్రీమాంట్ సభ్యుడు

బీఎండబ్ల్యూ విషయంలో నా అనుభవం పనికిరావచ్చు. ఇక్కడ నేను యమహా ఎక్స్‌మ్యాక్స్ మీద శాన్ హోసేకు వెళ్తుంటాను. 292 సీసీ ఇంజిన్, సీటు కింద రెండు నిండు హెల్మెట్లు పట్టేంత చోటు. ఇక్కడ 150 సీసీ లోపు బండ్లను ఫ్రీవే (సిగ్నళ్లు లేని వేగ రహదారి) మీదికి రానివ్వరు, ఫ్రీవే మీద కార్ల వేగంతో సమానంగా పోవాలి, కార్ల వరుసల మధ్య నుంచి వెళ్లడం కూడా ఈ రాష్ట్రంలో చట్టసమ్మతమే. పెద్ద స్కూటరుకు ఇక్కడ అర్థం ఉన్నది అందువల్లే. హైదరాబాద్‌లో మీరు వేగంగా పోగలిగే దారుల్లో ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ అంతే. సీ 400 జీటీ బరువు 214 కిలోలు, అంటే బర్గ్‌మన్‌కు దాదాపు రెట్టింపు. 2021లో భారతదేశంలోకి వచ్చినప్పుడే దాని ధర 9.95 లక్షలు. వాడిన బండి ధర ఎంత తగ్గినా విడిభాగాల ధర తగ్గదు. ఒక అద్దమో లివరో విరిగితే అది వచ్చేదాకా మీరు కార్యాలయానికి ఎలా వెళ్తారన్నది ఆలోచించుకోండి.

మరో ప్రశ్న – ఉప్పల్ సభ్యుడు

అందరికీ కృతజ్ఞతలు. బీఎండబ్ల్యూ ఆలోచన విరమించుకున్నాను, బరువు చూసి జూమ్‌నూ పక్కన పెట్టాను. నా భార్య స్కూటరు నడపదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదని స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు ఏరాక్స్, బర్గ్‌మన్ ఈఎక్స్ మిగిలాయి. సీటు ఎత్తు ఏరాక్స్‌కు 790, బర్గ్‌మన్‌కు 780 మిల్లీమీటర్లని చూశాను. పది మిల్లీమీటర్ల తేడా నా ఎత్తుకు నిజంగా తెలుస్తుందా? బియ్యం సంగతి ఏం చేయాలి?

సమాధానం – వరంగల్ సభ్యుడు

ఆ పది మిల్లీమీటర్లను పట్టించుకోకండి. పాదం నేలకు ఆనడాన్ని నిర్ణయించేది సీటు ముందు భాగం వెడల్పు, ఫుట్‌బోర్డు వెడల్పు. ఈ రకం బండ్లన్నీ తొడలను ఎడం చేస్తాయి కనుక, కాగితం మీద అదే ఎత్తున్న మామూలు స్కూటరు కన్నా మడమలు పైకి లేస్తాయి. షోరూములో డబుల్ స్టాండు మీద కూర్చుని చూస్తే ఏమీ తెలియదు. స్టాండు తీయించి, మీ భార్యను వెనుక కూర్చోబెట్టుకుని, రెండు పాదాలతో బండిని వెనక్కి నెట్టి చూడండి. మీ హెల్మెట్లు రెండూ వెంట తీసుకువెళ్లి, సీటు కింద ఏది పడుతుందో, సీటు పూర్తిగా మూసుకుంటుందో లేదో చూడండి. ఏరాక్స్‌కు 24.5 లీటర్లు, బర్గ్‌మన్‌కు 21.5 లీటర్లు అని రాస్తారు కానీ, హెల్మెట్ ఆకారం కుదరకపోతే లీటర్లతో పని లేదు. ట్రయల్ కూడా మంచి రోడ్డు మీద కాకుండా, ఎలివేటెడ్ కారిడార్ (వంతెన మీది రహదారి) పనులు సాగిన ఉప్పల్–నారపల్లి దారిలోనే ఇద్దరూ కలిసి చేయండి. భువనగిరికి మీరు వెళ్లేది ఆ దారినే కదా.

బియ్యం బస్తా కోసం ఏడాదికి ఏ ఎనిమిది సార్లో జరిగే పనికి రోజూ నడిపే బండిని ఎంచుకోవద్దు. ఊరి నుంచి వచ్చే ఆర్టీసీ బస్సులో కార్గోగా వేయించుకోవచ్చు. ట్రయల్‌లో మీ భార్య వెనుక సీటు బాగుందంటే ఏరాక్స్, ఆమెకు కుదరలేదంటే ఈఎక్స్ తీసుకోండి. ఏరాక్స్ అయితే ట్రయల్‌కు ముందే టైర్ల గాలి సరిచూడమని షోరూము వారికి చెప్పండి. గాలి ఎక్కువైతే అసలే గట్టిగా ఉండే వెనుక షాకబ్జార్లు ఇంకా గట్టిగా అనిపించి, ఆమె అభిప్రాయం మారిపోవచ్చు.