మళ్లీ మెడికల్ బోర్డుకు పిలుపు వచ్చింది: మానసిక వైకల్యం కేసులో ఏం సిద్ధం చేసుకోవాలి?

టెక్కలి హవల్దారు:
అందరికీ నమస్కారం. ఇరవై నాలుగేళ్లు పదాతిదళంలో పనిచేసి 2022 జనవరిలో హవల్దారుగా బయటికి వచ్చాను. లో మెడికల్ కేటగిరీలో, అంటే తక్కువ వైద్య శ్రేణిలో, ఉన్నందువల్ల రెండేళ్ల పొడిగింపు దక్కలేదు. 2016 నుంచి 2018 చివరిదాకా కశ్మీర్‌లో తీవ్రవాద నిరోధక దళమైన రాష్ట్రీయ రైఫిల్స్‌తో ఉన్నాను. నిద్ర పట్టకపోవడం అక్కడే మొదలైంది కానీ ఎవరికీ చెప్పుకోలేదు. పీస్ స్టేషన్‌కు, అంటే యుద్ధక్షేత్రం కాని చోటికి, వచ్చిన ఏడు నెలలకు ఆసుపత్రిలో చేర్చి, డిప్రెషన్ అని తేల్చి, కొంతకాలానికి మానసిక ఆరోగ్యానికి సంబంధించిన ఎస్-3 పర్మనెంట్ శ్రేణిలో పెట్టారు. సర్వీసు నుంచి పంపేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు నా వైకల్యాన్ని జీవితకాలానికి 40 శాతంగా లెక్కగట్టింది. అయితే జబ్బు పీస్ స్టేషన్‌లో బయటపడింది కాబట్టి సర్వీసుకూ దానికీ సంబంధం లేదని ఒక్క వాక్యంలో ముగించింది, దాంతో వైకల్య పెన్షన్ రాలేదు. రెండు అప్పీళ్లూ పోయాక సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్తే, మళ్లీ బోర్డు పెట్టి కారణాలు రాయమని ఆదేశం వచ్చింది. వచ్చే నెల మూడో వారంలో హాజరు కావాలి. ఇలాంటి బోర్డుకు వెళ్లివచ్చినవారు అక్కడ ఏం అడిగారో, ఏ కాగితాలు పట్టుకెళ్లారో దయచేసి చెప్పగలరా?

గుంటూరు సుబేదారు:
తమ్ముడూ, బోర్డు మీకు పెన్షన్ ఇవ్వదు. జబ్బు పేరేమిటి, అది ఎంత శాతం, సర్వీసు వల్ల వచ్చిందా లేక సర్వీసు వల్ల ముదిరిందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాస్తుంది. మీకు మొదటి రెండూ తేలినట్టే. పేచీ అంతా మూడోదానితోనే. మనం ‘నానా’ అని చెప్పుకునే ముద్ర, అంటే సర్వీసు వల్ల రాలేదు, ముదరనూ లేదు అన్న మాట, పడిందంటే మీలా సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవారికి శాతం ఎంతున్నా పెన్షన్‌లో వైకల్య భాగం రాదు. అది తొలగితే మీ 40 శాతాన్ని 50గా లెక్కిస్తారు. సర్వీసు పూర్తి చేసినవారికీ ఈ సర్దుబాటు వర్తిస్తుందని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం చొప్పున లెక్క కనుక మీకు 15 శాతం అవుతుంది.

మీరు 2023 సెప్టెంబరు 21కి ముందే బయటికి వచ్చారు గనుక 2008 నాటి అర్హతా నియమాలూ, మెడికల్ ఆఫీసర్ల మార్గదర్శినికి ఆ ఏడాది చేసిన సవరణా మీకు వర్తిస్తాయి. ఆ తేదీ తర్వాత వచ్చినవారికి నియమాలు వేరు. వాట్సాప్‌లో తిరిగే కాగితాల్లో ఈ రెండూ కలగలిసిపోతున్నాయి. మీకు వర్తించే మార్గదర్శినిలో, తీవ్రవాద నిరోధక విధులతో సహా యుద్ధక్షేత్రంలో, ఎత్తయిన పర్వతప్రాంతాల్లో, మరీ ఏకాంతమైన పోస్టుల్లో పనిచేస్తుండగా వచ్చిన మానసిక జబ్బును సర్వీసు వల్ల వచ్చినదిగా ఒప్పుకోవాలని ఉంది. భూకంపాలు, తుపానులప్పుడు శవాల నడుమ పనిచేసినవారికీ అదే మాట.

అంటే మీ కేసు ‘ఎప్పుడు మొదలైంది’ అన్న ఒక్క తేదీ దగ్గర ఆగి ఉంది. మొదటి బోర్డు మిమ్మల్ని ఆసుపత్రిలో చేర్చిన రోజునే జబ్బు మొదలైన రోజుగా తీసుకుంది. దాన్ని వెనక్కి, కశ్మీర్‌లోకి జరపగల కాగితం ఏదైనా ఉందేమో వెతకండి. మొదటి బోర్డు పూర్తి ప్రతి మీ దగ్గర లేకపోతే రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి తెప్పించుకోండి. ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 అనే బోర్డు ఫారం మొదటి భాగంలో ఎప్పుడెప్పుడు ఎక్కడ పనిచేశారో రాసే పట్టిక ఉంటుంది. పీస్ అయితే ‘పి’, ఫీల్డ్ అయితే ‘ఎఫ్’ అని పెట్టాలి. నేను చూసిన ఒక కేసులో క్లర్కు కుర్రవాడు ఫీల్డ్ పోస్టింగు ఎదుట ‘పి’ కొట్టాడు, ఆ నాయక్ చదవకుండా సంతకం పెట్టాడు. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి మాకు పద్నాలుగు నెలలు పట్టింది.

ఒక జవాను ఇల్లాలు:
అన్నగారూ, కాగితాల సంగతి పెద్దలు చెబుతున్నారు, నేను మా ఇంట్లో జరిగింది చెబుతాను. మావారిని మొదటిసారి పిలిచినప్పుడు తెల్లవారుజామున లేచి, గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని వెళ్లారు. సైకియాట్రిస్టు గారు ఎలా ఉన్నావని అడిగితే నిటారుగా నిలబడి ‘ఠీక్ హూఁ సాబ్’ అన్నారట. నిద్ర బాగా పడుతోందా అంటే ‘జీ సాబ్’ అన్నారట. ఆఫీసరు అడిగితే బాగున్నానని చెప్పడమే ఇరవై ఏళ్లుగా అలవాటైన మనిషి వేరే జవాబు ఎక్కడి నుంచి తెస్తాడు? లక్షణాలేమీ కనిపించడం లేదని కాగితం మీదికి ఎక్కింది.

ఆ మనిషే ఇంట్లో రాత్రి మూడుసార్లు లేచి గేటు గడియ చూసి వస్తారు. కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడి, చేతిలో ఏది ఉంటే అది కింద పడేస్తారు కాబట్టి నేను పప్పు ముందురోజు నానబెట్టి గిన్నెలోనే ఉడికిస్తాను. మా మరిది కొడుకు అన్నప్రాసనకు బయలుదేరి, బస్సులో తలుపుకు వీపు పెట్టి కూర్చోవలసి వచ్చిందని తర్వాతి స్టాపులో దిగిపోయారు. ఇవన్నీ ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండోసారి పిలిచేలోగా పిల్లల పాత నోటుబుక్కులో రెండు నెలలపాటు రోజూ రెండు మూడు వాక్యాలు రాసిపెట్టాను: ఎన్ని గంటలు పడుకున్నారు, ఏ మాటకు ఎందుకు కోపం వచ్చింది, ఎవరింటికి రానన్నారు. ఆ పుస్తకం డాక్టరుగారి ముందు పెడితే ఆయన నన్ను కూడా పిలిచి ఇరవై నిమిషాలు మాట్లాడారు.

పాత నర్సింగ్ అసిస్టెంట్:
అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం. నేను సైకియాట్రీ వార్డులో ఆరేళ్లు పనిచేశాను. బోర్డులో కూర్చునే డాక్టర్లు మిమ్మల్ని చూసేది కొద్దిసేపే. వాళ్లు నిపుణుడి అభిప్రాయాన్ని చదివి రాస్తారు. కాబట్టి అసలు పరీక్ష నిపుణుడి గదిలోనే జరుగుతుంది. కొన్నిసార్లు కొద్దిరోజులు వార్డులో ఉంచుకుంటారు, బట్టలు సర్దుకుని వెళ్లండి. నిద్ర, ఆకలి, ఏకాగ్రత, జ్ఞాపకం, బతుకు మీద విరక్తి, ఇంట్లో తగాదాలు, ప్రస్తుతం చేస్తున్న పని గురించి అడుగుతారు. నూరులోంచి ఏడేసి తీసివేస్తూ పొమ్మంటారు. తప్పితే కంగారు పడకండి, అది లెక్కల పరీక్ష కాదు.

వాడుతున్న మాత్రలను బోర్డు కోసం మానేయకండి. మానేస్తే జబ్బు స్పష్టంగా కనబడుతుందని కొందరు అనుకుంటారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కాకుండా, చికిత్స సరిగా తీసుకోవడం లేదని రాయడానికి తావిస్తుంది. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్ చీటీలు, బయట చూపించుకున్నవి ఉంటే అవీ, తేదీల వరుసలో కుట్టుకుని వెళ్లండి.

మద్యం సంగతి కూడా చెప్పాలి. నిద్ర కోసం తాగడం మొదలుపెట్టినవాళ్లను మన వార్డుల్లో ఎంతమందిని చూశానో! మద్యానికి బానిస అన్న నిర్ధారణ ఒక్కటే కాగితం మీద మిగిలితే అది మనిషి స్వయంకృతం కిందికి పోతుంది, పరిహారం రాదు. అలాగని దాచిపెడితే పాత కేసు షీటులో అది ఎలాగూ ఉంటుంది. తాగింది నిజమైతే చెప్పండి, ఏది ముందు వచ్చిందో వరుస కూడా చెప్పండి: నిద్ర ఎప్పుడు పోయింది, సీసా ఎప్పుడు వచ్చింది.

మీ కమాండింగ్ ఆఫీసరు రాసిన ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-10 ప్రతిని కూడా సంపాదించండి. మానసిక జబ్బు అనుమానంతో ఆసుపత్రికి పంపేటప్పుడు యూనిట్ నుంచి వెళ్లే నివేదిక అది. మనిషి మునుపు ఎలా ఉండేవాడో, ఎప్పటి నుంచి మారాడో అందులో ఉంటుంది.

విజయనగరం సిగ్నల్స్:
మా వైపు ఒకాయన గడ్డం పెంచుకుని, స్నానం మానేసి, ప్రశ్నలకు జవాబివ్వకుండా కూర్చోమని సలహా చెబుతూ, వచ్చే బకాయిల్లో పావు వంతు అడుగుతున్నాడు. నిజంగా పనిచేస్తుందా?

పాత నర్సింగ్ అసిస్టెంట్:
పనిచేయదు. పగలు ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నవాడు రాత్రి భోజనాల దగ్గర ఎలా ఉన్నాడో, ఎన్ని గంటలు నిద్రపోయాడో రాయడమే నా ఉద్యోగంగా ఉండేది. ఆ నాటకం వల్ల నిజంగా జబ్బున్నవాడి మాట కూడా చెల్లకుండా పోతుంది. దరఖాస్తు రాయడానికి సాయం కావాలంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. ఇక ఎవరికైనా ఈ రోజుల్లో రాత్రిళ్లు మరీ భారంగా ఉంటే బోర్డు దాకా ఆగకండి, టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

గుంటూరు సుబేదారు:
తీర్పుల గురించి నలుగురు నాకు విడిగా రాశారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. చేరేటప్పుడు ఆ జబ్బు నమోదై లేకపోతే ఆరోగ్యంగా చేరినట్టే భావించాలని, కాదని చూపే భారం ప్రభుత్వానిదేనని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. అయితే అది చేతిలో ఉంది గదా అని నిశ్చింతగా ఉండకండి. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో, అది స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు కేసు, మానసిక జబ్బులు చేరేటప్పటి పరీక్షలో బయటపడకపోవచ్చునంటూ అదే కోర్టు జవాను అప్పీలును కొట్టేసింది. 2025 మేలో రాజుమోన్ కేసు మళ్లీ మనవైపు వచ్చింది. అదీ స్కిజోఫ్రీనియా కేసే. కారణాలు రాయని బోర్డు అభిప్రాయం ఆధారంగా పెన్షన్ కాదనడం చెల్లదని కోర్టు చెప్పింది. అందుకే, తమ్ముడూ, ఈసారి బోర్డు కారణాలు రాసి తీరుతుంది. ఆ కారణాలకు కావలసిన సరుకు మీ వైపు నుంచి ఫైలులో ఉండాలి. ట్రిబ్యునల్ ఆదేశం ప్రతి రెండు పట్టుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి.

టెక్కలి హవల్దారు:
అందరికీ కృతజ్ఞతలు. వారం రోజులుగా పెట్టెలన్నీ వెతికాను. సమాచార హక్కు కింద వచ్చిన కట్టలో 2018 మార్చి, జూన్ నెలల్లో మా యూనిట్ వైద్య గదికి, అంటే ఎంఐ రూమ్‌కు సిక్ రిపోర్టు చేసిన రెండు నమోదులు దొరికాయి. నేను తలనొప్పి అని చెప్పి వెళ్లినట్టు గుర్తు. కానీ రెండోదాని పక్కన డాక్టరుగారు ‘నిద్ర లేదు, మూడు వారాలు’ అని రాసి ఉన్నారు. ఆ సంగతి నాకే తెలియదు. అప్పట్లో నా సెక్షన్‌లో ఉన్న మిత్రుడు నోటరీ చేయించిన వాంగ్మూలం పంపుతానన్నాడు. బోర్డుకు ఇచ్చే నా స్వీయ ప్రకటన కూడా రాసుకున్నాను. అందులో ‘2018 నుంచి అప్పుడప్పుడు నిద్ర సరిగా పట్టడం లేదు, కొంచెం చిరాకుగా ఉంటుంది’ అని ఉంది. సరిపోతుందా?

గుంటూరు సుబేదారు:
ఆ జూన్ నమోదు మీద ఎర్ర చీటీ అంటించి ఫైలులో అన్నింటికన్నా పైన పెట్టండి. ప్రకటన మాత్రం సరిపోదు, అది మళ్లీ ‘ఠీక్ హూఁ సాబ్’ లాగానే ఉంది. ‘అప్పుడప్పుడు’, ‘కొంచెం’ తీసేయండి. వారంలో ఎన్ని రాత్రులు, ఎన్ని గంటలు, చిరాకు వల్ల ఏ పని పోయింది, ఎవరితో మాటలు లేకుండా పోయాయి అన్నది, నిజమైనంత మేరకే, అంకెలతో రాయండి.

టెక్కలి హవల్దారు:
వారంలో నాలుగు రాత్రులు అని రాయబోతే, అయిదు అని మా ఆవిడ వంటింట్లోంచి సరిదిద్దింది. సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలు రెండు మానేసిన నెలలు కూడా ఆమే చెప్పింది. ఆమె చెప్పినట్టే రాసి, కింద ఆమె చేత కూడా సంతకం చేయించి పట్టుకెళ్తున్నాను.