అష్టభోగాలు అంటారు, లెక్కపెడితే తొమ్మిది!

డాలస్ నుంచి ఒక సభ్యురాలు:

అందరికీ నమస్కారమండీ. టెక్సస్‌లో రియల్ ఎస్టేట్ లైసెన్సు పరీక్షకి చదువుతున్నాను. 180 గంటల క్లాసులు పూర్తి చేస్తే గానీ పరీక్షకి కూర్చోనివ్వరు. మొదట్లోనే బండిల్ ఆఫ్ రైట్స్ అనే మాట వచ్చింది. ఆస్తి అంటే ఉత్త నేల కాదు, దాని మీద మనకున్న హక్కుల కట్ట అని. స్వాధీనంలో ఉంచుకోవడం, మన ఇష్టప్రకారం వాడుకోవడం, అనుభవించడం, వేరేవాళ్ళని రానివ్వకపోవడం, ఇంకొకరికి ఇచ్చెయ్యడం, ఈ ఐదూ. ఇది అమ్మకి ఫోన్లో చెబుతుంటే "మన పొలం కాగితాల్లో ఉన్నదే కదే" అని తాతయ్య కొన్న పొలం దస్తావేజు ఫొటో తీసి పంపింది. అందులో "నిధి నిక్షేప జల తరు పాషాణ అక్షిణి ఆగామి సిద్ధ సాధ్యంబులను అష్టభోగ స్వామ్యములతో" అని ఉంది. నాలుగుసార్లు లెక్కపెట్టాను, తొమ్మిదే వస్తున్నాయి. అష్ట అంటే ఎనిమిది కదా? ఒక్కో మాటకి అర్థం ఏమిటి, ఈ రోజుల్లో అవి చెల్లుతాయా? పరీక్ష టెన్షన్ ఎలాగూ ఉంది, దానికి తోడు ఇది పట్టుకుంది.

నా జవాబు:

మంచి ప్రశ్న అడిగారమ్మా. మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ఈ వాక్యం ఆయన చేతిరాతలో కొన్ని వందలసార్లు చూసి ఉంటాను, కానీ నేనూ పెద్దయ్యేదాకా లెక్కపెట్టలేదు.

అదనంగా వచ్చిన తొమ్మిదోది తరు. ఎలా తెలిసిందంటే, విజయనగర రాజుల సంస్కృత తామ్రశాసనాల్లో దానమిచ్చిన ఊరిని వర్ణించే చోట ఒక శ్లోకం దాదాపు ఇదే రూపంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. "నిధినిక్షేపపాషాణ సిద్ధసాధ్యజలాన్వితం, అక్షిణ్యాగామిసంయుక్తం ఏకభోగ్యం సభూరుహం" అని. ఇప్పుడు లెక్కపెట్టండి: నిధి, నిక్షేపం, పాషాణం, సిద్ధం, సాధ్యం, జలం, అక్షిణి, ఆగామి. సరిగ్గా ఎనిమిది. చెట్ల మాట పాదం చివర "సభూరుహం" అని, అంటే "చెట్లతో సహా" అని విడిగా ఉంది. తర్వాత మన తెలుగు దస్తావేజుల్లో ఆ భూరుహం తరువుగా మారి జలానికీ పాషాణానికీ మధ్యలోకి వచ్చి కూర్చుంది, అష్ట అనే పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. నా ఆలోచన ఇది. ఎవరి దగ్గరైనా దీనికి భిన్నమైన పాఠం ఉంటే తప్పకుండా పెట్టండి.

ఇక అర్థాలు. జలం నీరు, తరువు చెట్టు, పాషాణం రాయి. నిధి అంటే ఎవరు పాతిపెట్టారో తెలియని సొమ్ము, నిక్షేపం అంటే ఒకరు దాచి ఉంచినది. సిద్ధం ఇప్పటికే సాగులో ఉన్న భాగం, సాధ్యం అంటే రేపు బాగుచేసి సాగులోకి తెచ్చుకోగలిగినది. ఆగామి రాబోయే ఫలం. అక్షిణి దగ్గర మాత్రం పెద్దలు రెండు రకాలుగా చెబుతారు, ఇప్పుడు చేతికందే ఫలం అని కొందరు, తరగని ఫలం అని కొందరు. పక్కనే ఆగామి ఉంది కాబట్టి నాకు మొదటిదే సబబుగా తోస్తుంది.

చెల్లుతాయా అన్నారు. నిధి దగ్గరే చిక్కు మొదలవుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పి తీరాలి. పాతినవాళ్ళ తాలూకు ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికించుకున్న మనిషికి ముప్పాతిక భాగం, నేల యజమానికి పాతిక భాగం. ప్రభుత్వం కావాలనుకుంటే విలువకి అయిదో వంతు కలిపి తనే తీసుకోవచ్చు. అంటే దస్తావేజులో నిధి అని ఎంత లావు అక్షరాలతో రాసినా కూలిమనిషి గునపానికి తగిలిన బిందె యజమానిది అయిపోదు. జలం, తరువు రెండింటికీ 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది, బోరు వెయ్యాలన్నా చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. పాషాణం సంగతికొస్తే, కేరళ మలబారు భూముల కేసులో సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, ఏ చట్టమూ తీసేసుకోనంతవరకూ భూగర్భం మీది హక్కు నేల యజమానిదేనని. అయినా క్వారీ పెట్టాలంటే లీజు కావాలి, సీనరేజి, అంటే తవ్వినదాని మీద ప్రభుత్వానికిచ్చే రుసుము, కట్టాలి. హక్కు ఉండటం వేరు, తవ్వుకునే అనుమతి వేరు. మీ పరీక్షలో కూడా ఈ తేడా తప్పకుండా పనికొస్తుంది.

ఒంగోలు నుంచి ఒక మాష్టారు:

మీ వివరణ బాగుంది గానీ నాదొక అభ్యంతరం. ఇదంతా లేఖరులు కాగితం నింపడానికి రాసే మంత్రం తప్ప ఇంకేమీ కాదని నా ఉద్దేశం. 1882 ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్ చూడండి. అమ్మేవాడు ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప, అతనికి ఆ ఆస్తిలో ఉన్న ప్రయోజనమంతా, దారి నీరు లాంటి అనుబంధ హక్కులతో, భూమికి అంటుకుని ఉన్నవాటితో సహా కొన్నవాడికి వెళ్ళిపోతుంది. అష్టభోగాలు రాసినా రాయకపోయినా ఒకటే. పైగా అమ్మినవాడికే లేని హక్కు ఈ మంత్రం చదివితే వస్తుందా?

నా జవాబు:

రాదు మాష్టారూ, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. తనకి లేనిదాన్ని ఎవరూ ఇవ్వలేరు. అందుకే లింకు డాక్యుమెంట్లు చూడాలి, ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం, తీయించాలి, ఈసీలోకి ఎక్కని భారాలు కూడా ఉంటాయి కాబట్టి పొలం మీదికి వెళ్ళి ఎవరు సాగు చేస్తున్నారో కళ్ళారా చూడాలి.

కానీ మంత్రం అనే మాట మాత్రం నేను ఒప్పుకోలేను. ఆ శ్లోకాన్ని ముందుకి చదవండి. ఊరిని "పుత్రపౌత్రాదిభిర్భోగ్యం" (కొడుకులూ మనవలూ అనుభవించదగినది) అంటుంది, "ఆచంద్రతారకం" (చంద్రుడూ చుక్కలూ ఉన్నంతకాలం) అంటుంది, ఆ తర్వాత "దానాధమనవిక్రీతియోగ్యం వినిమయోచితం" అంటుంది. దానం అంటే గిఫ్టు. ఆధమనం అంటే తాకట్టు. విక్రీతి అమ్మకం, వినిమయం మార్పిడి. ఇప్పుడు ఆస్తి బదిలీ చట్టంలో అధ్యాయాల పేర్లు వరసగా చూడండి: అమ్మకం, తాకట్టు, కౌలు, మార్పిడి, దానం. ఐదింట్లో నాలుగు అక్కడ ముందే ఉన్నాయి! ఇది మొదటిసారి గమనించిన రోజు నాకు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను. అందులో లేనిది కౌలు ఒక్కటే. కౌలంటే హక్కు మన దగ్గరే ఉంచుకుని అనుభవం మాత్రం ఇంకొకరికి ఇవ్వడం కదా, అది భోగ్యం అనే మాటలోనే కలిసిపోయిందేమో అనిపిస్తుంది నాకు.

డాలస్ సోదరికి ఇంకొక మాట. పైన ఏకభోగ్యం అని ఉంది చూశారా, దానం ఒక్కరికే ఇస్తే అలా రాసేవారు, పదిమంది బ్రాహ్మణులకి కలిపి ఇస్తే అదే చోట గణభోగ్యం అని రాసేవారు. రెండూ ఎనిమిది అక్షరాల పాదంలో సరిపోతాయి. ఒంటరి యాజమాన్యం, ఉమ్మడి యాజమాన్యం అని మీ పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది, దానికి ఇంతకన్నా చక్కని తెలుగు మాటలు నాకు దొరకలేదు.

తరువు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని విడిగా పేర్కొన్న లేఖరి తెలివితక్కువవాడు కాదు. ఆస్తి బదిలీ చట్టం స్థిరాస్తి నిర్వచనంలోంచి నిలువు కలపని, చేలో పైరుని, గడ్డిని తీసేసింది. కాయల కోసం పెంచే మామిడి చెట్టు స్థిరాస్తి, కలప కోసం త్వరలో కొట్టెయ్యబోయే టేకు చెట్టు చరాస్తి. మా ఇంట్లోనే జరిగింది ఒకటి. మేము కొబ్బరి చెట్లున్న కొద్దిపాటి జాగా కొన్నాం, దస్తావేజులో అష్టభోగాలూ ఉన్నాయి. తీరా చూస్తే అమ్మినాయన ఆ ఏడాది దింపు ముందే ఒక వ్యాపారికి ఇచ్చేసి డబ్బు పుచ్చుకున్నాడు. రిజిస్ట్రేషను రోజు నుంచి ఫలసాయం కొన్నవాడిదేనని 55వ సెక్షన్‌లో ఉందని నాన్నగారు చెప్పారు గానీ, ఊళ్ళో కూర్చుని తేల్చుకునేసరికి రెండు దింపులు అయిపోయాయి. అప్పటి నుంచి ఆయన ఆగామి అని రాసే చోట ఆగి, "ఫలసాయం ఎవరికైనా ఇచ్చారా?" అని అమ్మేవాళ్ళని నోటితో అడిగేవారు.

హైదరాబాదు నుంచి ఒక తమ్ముడు:

అన్నా, నేను రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) ఏజెంటుగా రిజిస్టర్ అయ్యాను. నాకు విలువ, ధర, ఖరీదు ఈ మూడూ ఒకటేలా ఉంటాయి. కస్టమర్ "గవర్నమెంటు రేటు ఇంత, బయటి రేటు ఇంత, మరి అసలు విలువ ఎంత" అంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

నా జవాబు:

ఒకటి కావు తమ్ముడూ. ఖరీదు పారశీకం నుంచి వచ్చింది, అక్కడ దానికి కొనడం అనే అర్థం. అందుకే ఖరీదు అన్నప్పుడు కొన్నవాడి చేతిలోంచి వెళ్ళిన డబ్బు అనుకో. ధర అంటే ఇద్దరికీ కుదిరిన అంకె, దస్తావేజులో దాన్నే ప్రతిఫలం అంటారు. విలువ అంటే, తొందరా బలవంతమూ లేకుండా, సంగతులన్నీ తెలిసిన ఇద్దరి మధ్య ఆ ఆస్తికి పలకాల్సిన మొత్తం. రిజిస్ట్రేషను ఆఫీసులో మార్కెట్ విలువ అని రాసేది స్టాంపు డ్యూటీ లెక్క కోసం ప్రభుత్వం పెట్టుకున్నది. పేరు చూసి అదే అసలు విలువ అనుకోకు.

లెక్క కట్టే దారులు మూడు. దగ్గర్లో ఈమధ్య అమ్మినవాటితో పోల్చడం ఒకటి. ఆదాయాన్ని బట్టి చూడడం రెండోది: ఖర్చులు పోను ఏడాదికి 6,00,000 అద్దె మిగిలే షాపు, అలాంటివాటి మీద 8 శాతం రాబడి వస్తుంటే, విలువ 75,00,000. మూడోది, స్థలం ధరకి ఇవాళ మళ్ళీ కట్టే ఖర్చు కలిపి, భవనం పాతబడినంత తీసెయ్యడం. నా దృష్టిలో ఆదాయ పద్ధతి సిద్ధం మీద నిలబడుతుంది. ప్లాటు వేస్తే ఎంతొస్తుంది అని లెక్కేసేవాళ్ళు సాధ్యం మీద నిలబడతారు, గొడవలన్నీ అక్కడే. సాధ్యానికి నాలుగు పరీక్షలున్నాయి: నేల ఒప్పుకోవాలి, చట్టం ఒప్పుకోవాలి, గిట్టుబాటు కావాలి, మిగతా వాడకాలన్నిటికన్నా ఎక్కువ విలువ రావాలి. లేఅవుట్ అనుమతి వచ్చే అవకాశమే లేని చెరువు కింది పొలాన్ని ప్లాటు ధరకి చూపించడం అంటే రెండో పరీక్ష తప్పిన సాధ్యాన్ని సిద్ధమని అమ్మడమే. ఆ పని నువ్వు చెయ్యొద్దు.

ఇంకొక సంగతి. 2013 భూసేకరణ చట్టంలో నేల విలువ ఒకచోట కడతారు, చెట్ల విలువ తెలిసినవాళ్ళ చేత విడిగా కట్టిస్తారు. ఇవాళ్టికీ సభూరుహం!

డాలస్ నుంచి ఆ సభ్యురాలే:

చాలా థాంక్సండీ. ఇక్కడి పాఠంలో నేలపై హక్కు, ఖనిజ హక్కు విడదీసి ఇద్దరికి అమ్మవచ్చని, టెక్సస్‌లో అలా విడిపోతే ఖనిజాలదే పైచెయ్యి అని ఉంది. మీ జవాబు చదివాక మా ఇంటి డీడ్ తీసి చూశాను. పాత యజమాని చమురు, గ్యాసు, ఖనిజాలన్నీ తనకే ఉంచుకున్నట్టు ఒక పేరా ఉంది. కొన్నప్పుడు సంతకం పెట్టాను గానీ చదవలేదు. మాకు పాషాణం లేదన్నమాట! అమ్మకి చెబితే "మరి జలం సంగతి చూశావా?" అంది. ఇప్పుడు అది వెతుకుతున్నాను.

నా జవాబు:

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. గ్రూపులో మిగతావాళ్ళకి ఒక విన్నపం. మీ ఇళ్ళలో పాత క్రయ దస్తావేజులు ఉంటే పేర్లు, సర్వే నంబర్లు కనబడకుండా ఈ ఒక్క వాక్యం వరకు ఫొటో తీసి, ఏ జిల్లా, ఏ సంవత్సరం అన్నది మాత్రం రాసి ఇక్కడ పెట్టండి. తరు లేకుండా ఎనిమిదే ఉన్న కాగితం ఒక్కటి దొరికినా, అది ఎప్పుడు లోపలికి వచ్చిందో పట్టుకునే వీలుంటుంది.