బీపీ మగవాళ్ల జబ్బా? మా ఇంట్లో తెగని వాదన

కాకినాడ కోడలు:
మా ఆయనకి 44. ఏటా ఆఫీసు వాళ్లే హెల్త్ చెకప్ చేయిస్తారు, మొన్న 148/94 వచ్చింది. "మగాడికి బయట వంద టెన్షన్లు, బీపీ రాక ఏం చేస్తుంది" అన్నారు అత్తయ్య. అదే వారం మందుల షాపులో నేనూ చూపించుకుంటే 146/92. నాకైతే "నిద్ర చాల్లేదేమోలే" అని తేల్చేశారు. నిజంగానే ఇది మగవాళ్లకే ఎక్కువా?

లెక్కల మాస్టారు:
అత్తయ్యగారి మాట పూర్తిగా తప్పు కాదండీ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం 15 ఏళ్లు దాటినవాళ్లలో బీపీ ఎక్కువున్నవాళ్లు, బిళ్లలు వాడుతున్నవాళ్లు కలిపి మగవాళ్లు 24 శాతం, ఆడవాళ్లు 21.3 శాతం. కాకపోతే నేను టెన్షన్ కన్నా మందునీ పొగాకునీ తప్పుపడతాను. తెలంగాణలో తాగుతామని చెప్పిన మగవాళ్లే 43 శాతం. ఆడవాళ్లు 7 శాతం లోపు.

నైట్ డ్యూటీ నర్సు:
మాస్టారూ, 15 ఏళ్ల పిల్లనీ 70 ఏళ్ల మామ్మనీ ఒకే గంపలో వేసి తూచారు. వయసులో ఉన్నప్పుడు మగవాళ్లకే ఎక్కువ, నిజమే. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి ఆడవాళ్ల రక్తనాళాలు బిగుసుకుంటాయి. 65 దాటాక చాలా దేశాల లెక్కల్లో ఆడవాళ్లే ముందుంటారు. కోడలుగారూ, కడుపుతో ఉన్నప్పుడు మీకు బీపీ పెరిగిందా?

కాకినాడ కోడలు:
రెండో కాన్పప్పుడు. ఎనిమిదో నెలలో కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. కార్డు మీద ఎర్రసిరాతో 150/100 అని రాశారు, మూత్రంలో ప్రొటీన్ పోతోందన్నారు. కాన్పయ్యాక తగ్గిపోయింది. బాబుకి ఇప్పుడు 11 ఏళ్లు. ఇన్నేళ్లలో ఏ డాక్టరూ దాని గురించి అడగలేదు.

నైట్ డ్యూటీ నర్సు:
అదీ సంగతి. 20 వారాలు దాటాక అలా వస్తే ప్రీఎక్లాంప్సియా అంటారు. అది వచ్చినవాళ్లకి తర్వాత బీపీ, గుండెజబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. కొందరికి గర్భనిరోధక మాత్రలతోనూ బీపీ పెరుగుతుంది. సిగరెట్ తాగుతారా అని అందరినీ అడుగుతాం, కాన్పు ఎలా జరిగిందని మాత్రం అడగం. మా వార్డులో నేనూ చాన్నాళ్లు అడగలేదు.

ఊరగాయ జాడీ:
ఆడా మగా అని కొట్టుకుంటారెందుకు, ఇద్దరూ తినేది ఒకే ఆవకాయ! రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు తినమంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే చిన్న చెంచాడు. మా ఇంట్లో పెరుగన్నంలో ఉప్పు కలిపి, పైన ఊరగాయ, పక్కన అప్పడం. ఇక లెక్కేసుకోండి.

లెక్కల మాస్టారు:
కాన్పు సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నాను. కానీ షాపులో ఒక్కసారి చూసిన 146ని పట్టుకుని బీపీ అనేస్తే ఎలా? నిలబెట్టి, బట్టల మీదే పట్టీ చుట్టేస్తారు.

నైట్ డ్యూటీ నర్సు:
ఐదు నిమిషాలు కూర్చోవాలి, చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండు మూడు రోజులు చూశాకే తేల్చాలి. ఇంతవరకూ మీతోనే ఉన్నాను. మరి వాళ్లాయనదీ ఒక్కసారే కదా చూసింది? అది నమ్మి ఇది కొట్టేయడం ఏం లెక్క మాస్టారూ?

కాకినాడ కోడలు:
మంగళవారం ఇద్దరం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. బీరువా అడుగున ఆ కాన్పు కార్డు దొరికింది, పట్టుకెళ్తున్నా. అన్నట్టు అత్తయ్యకి 67. ఆవిడ బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారని అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆటోలో మూడో సీటు ఆవిడకే.